ఆపదలో కబురు: మారుమూల ప్రయాణాలకు సందేశ సాధనాలు

నల్లజర్ల మెట్టసీమ అంచున ఉన్న ఊరు. అక్కడి నుండి ఆగ్నేయంగా తాడేపల్లిగూడెం దాటితే డెల్టా పల్లం. ఇంకా ముందుకు నరసాపురం మీదుగా పోతే బంగాళాఖాతం. నైరుతిగా ఏలూరు దిగువన బల్లపరుపు నేల మధ్య కొల్లేరు. ఉత్తరంగా పోలవరం ఎగువకు పోతే, పాపికొండల నడుమ ఇరుకున దూరి వచ్చే గోదావరి. ఒక ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు విద్యార్థులను వెంటబెట్టుకొని ఈ మూడింటిలో దేనికైనా ఉదయం బయలుదేరి రాత్రికి తిరిగి రావచ్చును. అతని జేబులోని సెల్‌ఫోను మూడు చోట్లా ఒకటే. కాని ఆపద వచ్చినప్పుడు అది మూడు చోట్లా ఒకే విధంగా పనిచేయదు. ఒక చోట అది చాలును. ఒక చోట అది టార్చిలైటుగా తప్ప ఉపయోగపడదు. మూడవ చోట గట్టు కనబడుతున్నంతవరకు పలికి, ఆ తర్వాత మూగపోతుంది.

ఇందుకు కారణం ఫోనులో లేదు. కబురు అంటే ఇద్దరి మధ్య జరిగే పని. ఇటు కేక వేసేవాడు ఎంత ముఖ్యమో, అటు చెవి ఒగ్గి ఉన్నవాడు అంత ముఖ్యం. ఆ ఇద్దరి మధ్య తరంగాలు నడిచే దారి కూడా అంతే. దుకాణంలో సాధనాన్ని చూచి, దాని బరువు, రంగు, వెల గురించి అడిగేవారే గాని, ఈ బొత్తాం నొక్కితే ఎవరు వింటారు, విన్నట్లు తిరిగి చెబుతారా అని అడిగేవారు అరుదు. అసలు అడగవలసినది అదే.

ముందుగా కొల్లేరు. సెల్‌ఫోను వాడే తరంగాలు చాలా పొట్టివి. 900 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యం గల తరంగం పొడవు సుమారు 33 సెంటీమీటర్లు. 1800 అయితే అందులో సగం. ఇంత పొట్టి తరంగాలు దాదాపు వెలుతురు వలెనే తిన్నగా పోతాయి. భూమి గుండ్రంగా ఉన్నది గనుక తిన్నగా పోయే కిరణం కొంత దూరం తర్వాత నేలను విడిచి ఆకాశంలోకి పోతుంది. ఆ దూరాన్ని లెక్కించడానికి సులువైన సూత్రం ఒకటున్నది: ఏంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకొని, దాని వర్గమూలాన్ని 4.1 చేత గుణిస్తే కిలోమీటర్లలో దూరం వస్తుంది. తాటిదోనెలో నిలబడి నీటికి 2 మీటర్ల ఎత్తున ఫోను పట్టుకొన్నవానికి ఇది సుమారు 6 కిలోమీటర్లు. 40 మీటర్ల టవరుకు సుమారు 26. రెండూ కలిపితే 32 కిలోమీటర్లు. అంత దూరంలో మాట స్పష్టంగా వస్తుందని కాదు. అంతకు మించితే భూమియే అడ్డు వస్తుందని దీని భావం. కొల్లేరులో కొండలు లేవు, గుట్టలు లేవు. +5 కాంటూరు వరకు 308 చదరపు కిలోమీటర్లు విస్తరించిన ఈ పక్షుల ఆశ్రయం చుట్టూ, లోపలి లంకల మీద కూడ ఊళ్ళున్నాయి. కాబట్టి ఆటపాక వద్ద గూడబాతులను చూడబోయిన బృందానికి వేరే సాధనం వెతకనక్కరలేదు. ఫోనును నీరు చొరని సంచిలో పెట్టి, మెడకు తగిలించుకొంటే చాలును. కొల్లేరులో ఫోను చెడేది సంకేతం లేక కాదు, నీట పడి.

ఇక్కడ తెలియవలసిన విషయాలు రెండున్నాయి. 112 సంఖ్యకు చేసే పిలుపునకు తక్కిన పిలుపులకు లేని సౌకర్యం ఒకటి కలదు: తన కంపెనీ టవరు అందకపోయినా, మరొక కంపెనీ టవరు అందితే ఆ దారిన పోతుంది. అందుచేత తెర మీద సంకేతం లేదని చూచి ప్రయత్నం మానరాదు. రెండవది, మాట పోనిచోట పొట్టి సందేశం పోవచ్చును. మాటకు సంకేతం ఎడతెగకుండా అందవలెను. సందేశానికి కొన్ని క్షణాలు అందితే చాలును. అంతేగాక సంకేతం బలహీనమైన చోట ఫోను తన శక్తినంతా వెచ్చించి టవరును వెతుకుతూ ఉంటుంది. బ్యాటరీ త్వరగా తరిగిపోతుంది. అటువంటి చోట పదిమంది వద్ద పది ఫోనులుంటే, రెండింటిని మాత్రం తెరచి ఉంచి తక్కినవాటిని ఆపివేయడం మంచిది.

పాపికొండల సంగతి వేరు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉండగా, గండిపోచమ్మ గుడి వద్ద నుండి పాపికొండలకు బయలుదేరిన విహారపు పడవ ఒకటి కచ్చులూరు వద్ద మునిగిపోయింది. అందులో డెబ్బైమందికి పైగా ఉన్నారు. ప్రాణాలతో బయటపడినవారు 26 మంది. వారిని ముందుగా గట్టుకు చేర్చినవారు దాపున ఉన్న గ్రామస్థులు, తమ సొంత పడవలతో. ఆ పడవను నీటి అడుగు నుండి పైకి తీయడానికి అక్టోబరు 22 వరకు పట్టింది.

ఆ చోట ఫోను సంకేతం సరిగా అందదు. రెండు వైపులా కొండలు నిలువుగా లేచి, నది నడుమ వంకరలు తిరుగుతుంది. ఏ మలుపులో నిలబడినా టవరుకు, మనిషికి మధ్య రాయి ఉంటుంది. 33 సెంటీమీటర్ల తరంగం కొండను చుట్టి రాలేదు. అయితే ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పుకొనవలెను. పడవ తిరగబడినప్పుడు ఈతరానివానికి ఉండే వ్యవధి కొద్ది నిమిషాలు. ఆ నిమిషాలలో పట్టణం నుండి రక్షకులను రప్పించగల సాధనం ప్రపంచంలో ఎక్కడా లేదు. లైఫ్ జాకెట్టు ఆ నిమిషాలను గంటలుగా పొడిగిస్తుంది. సందేశ సాధనం ఆ గంటలలో మనుషులను రప్పిస్తుంది. మొదటిది లేకుండా రెండవది కొన్నవాడు తలుపు లేని ఇంటికి తాళం కొన్నట్లే.

కచ్చులూరులో విన్నవారు ఎవరు? గట్టు మీది వారు. కనుక ఇటువంటి చోట్ల మొదటి సాధనం దాపున ఉన్నవారి చెవికి, కంటికి అందేది కావలెను. రిఫరీ ఊదే ఈల వంటిది జాకెట్టుకు కట్టి ఉంచితే, గొంతు పోయినవాడు కూడ దానిని ఊదగలడు. మనిషి కేక కన్న దాని స్వరం హెచ్చుస్థాయిది. నీటి హోరులో కూడ విడిగా వినబడుతుంది. మూడు ఊతలు, కొంత విరామం, మళ్ళీ మూడు: ఇది ఆపద గుర్తు అని చాల దేశాలలో వాడుక. పగలైతే చేతి అద్దం కూడ గొప్ప సాధనమే. సూర్యబింబం మన కంటికి సుమారు అర డిగ్రీ వెడల్పుగా కనబడుతుంది గదా. అందుచేత అద్దం నుండి పోయే వెలుతురు కూడ అర డిగ్రీ మేర విచ్చుకొంటుంది. 10 కిలోమీటర్ల దూరాన ఆ వెలుతురు మచ్చ సుమారు 93 మీటర్ల వెడల్పుంటుంది. గురి కొంచెం తప్పినా చూచేవాని కంట పడుతుంది. దీనిని ఉపాధ్యాయులు బడి మైదానంలోనే చేసి చూపవచ్చును. అద్దానికి బ్యాటరీ అక్కరలేదు, అనుమతి అక్కరలేదు. కాని మబ్బు పట్టిన రోజున, అంటే వరదల రోజుల్లోనే, అది పనికిరాదు.

కొండల నడుమ నుండి దూరానికి కబురు పంపవలెనంటే ఉన్న దారి పైకే. ఇక్కడ తెలుగుదేశపు భౌగోళిక స్థితి ఒక మేలు చేసింది. భూస్థిర ఉపగ్రహాలు భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున నిలిచినట్లుంటాయి. 17 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న గోదావరి నుండి చూస్తే, 83 డిగ్రీల తూర్పు రేఖాంశం వద్దనున్న ఉపగ్రహం దక్షిణాకాశంలో సుమారు 70 డిగ్రీల ఎత్తున ఉంటుంది. అంటే దాదాపు నడినెత్తిన. దానిని మరుగుపరచడానికి కొండ ఎంత నిట్రంగా ఉండవలెనో ఊహించుకొనవచ్చును. 50 డిగ్రీల అక్షాంశంలో ఉన్న ఐరోపా లోయలలో, తమ రేఖాంశం మీదనే ఉన్న భూస్థిర ఉపగ్రహం కూడ సుమారు 33 డిగ్రీల ఎత్తున మాత్రమే కనబడుతుంది; చిన్న కొండ కూడ దానికి అడ్డు. విదేశీ పుస్తకాలలో భూస్థిర ఉపగ్రహాల ఫోనులు లోయలలో పనికిరావని వ్రాసి ఉంటే, అది వారి లోయల మాట. అయితే దట్టమైన చెట్ల కింద మాత్రం జాగ్రత్త అవసరం. ఆకులలోని నీరు ఈ తరంగాలను పీల్చుకొంటుంది. నది ఒడ్డున ఇసుకతిన్నె మీదికి రావడం మేలు.

ఉపగ్రహాల ద్వారా ఆపద కబురు అందుకొనే అంతర్జాతీయ ఏర్పాటు ఒకటున్నది. దాని పేరు కోస్పాస్-సార్సాట్. అమెరికా, సోవియట్ రష్యా, కెనడా, ఫ్రాన్సు కలిసి దీనిని తలపెట్టాయి. ప్రచ్ఛన్న యుద్ధపు రోజులలో ఆ నాలుగూ ఒక పని మీద కూడుకొనడమే విశేషం. దీని మొదటి ఉపగ్రహం 1982 జూన్ 30న ఎగిరింది. ఆ సెప్టెంబరులోనే కెనడాలో కూలిన చిన్న విమానంలోని వారి జాడ దీనివల్ల తెలిసింది. ఈ ఏర్పాటుకు కబురు పంపే సాధనాలు 406 మెగాహెర్ట్‌జ్ వద్ద, సుమారు 50 సెకన్లకు ఒకసారి, అర సెకను పాటు, 5 వాట్ల బలంతో పలుకుతాయి. ఓడకు ఒక రకం, విమానానికి ఒక రకం, మనిషి నడుముకు కట్టుకొనేది ఒక రకం.

కిందుగా తిరిగే ఉపగ్రహాలు సాధనం ఉన్న చోటును కనుగొనే విధానం విద్యార్థులకు పరిచితమైనదే. తాడేపల్లిగూడెం స్టేషనులో ఆగకుండా పోయే రైలు కూత దగ్గరకు వచ్చేటప్పుడు కీచుగాను, దాటిపోయిన తర్వాత బొంగురుగాను వినబడుతుంది. ఇది డాప్లర్ ఫలితం. ఉపగ్రహం సమీపిస్తున్నప్పుడు 406 మెగాహెర్ట్‌జ్ సంకేతం కొంచెం హెచ్చుగాను, దాటిపోతున్నప్పుడు తగ్గుగాను అందుతుంది; ఆ మార్పు ఎంత వేగంగా జరిగిందో చూచి చోటును లెక్క కడతారు. భూస్థిర ఉపగ్రహం నిలిచినట్లే ఉంటుంది గనుక దానికి ఈ మార్పు కనబడదు. కేక వెంటనే వింటుంది, కాని ఎక్కడి నుండో చెప్పలేదు. అందుచేత సాధనంలోనే జి.పి.ఎస్. ఉండి, తన చోటును తానే చెప్పుకొనేది కావలెను. కొనేవారు తప్పక చూడవలసిన గుణం ఇది. భారతదేశంలో ఈ కబుర్లను వినే కేంద్రం బెంగుళూరులో ఇస్రో ప్రాంగణంలో ఉన్నది. సాధనాన్ని యజమాని పేరుతో నమోదు చేయించవలెను. నమోదు లేని సాధనం పలికినప్పుడు, అది ఎవరిదో, ఎవరిని అడగాలో తెలియక అమూల్యమైన కాలం పోతుంది.

ఉపగ్రహ ఫోనుల విషయంలో చట్టం గుర్తుంచుకొనవలెను. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం నుండి 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం వరకు, ఇటువంటి సాధనాలకు ప్రభుత్వ అనుమతి అవసరమన్న సూత్రం మారలేదు. తురాయా, ఇరిడియం ఫోనులను అనుమతి లేకుండా వెంట ఉంచుకొనడం నేరం. 2008 ముంబయి దాడుల తర్వాత ఈ కట్టుదిట్టం మరింత పెరిగింది. మాట్లాడే వీలు లేక, సందేశాలు మాత్రమే పంపే చిన్న ఉపగ్రహ సాధనాలకు కూడ ఇది వర్తిస్తుంది. వాటిని తెలియక వెంట తెచ్చి విమానాశ్రయాలలో అరెస్టయిన విదేశీ యాత్రికులున్నారు. అమెరికాలో ఉన్న అన్నగారు ప్రేమతో పంపే సాధనం కూడ ఈ కోవలోనిదే కావచ్చును. చట్టబద్ధంగా కావలసినవారికి బి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా ఇన్‌మార్‌శాట్ ఫోను దారి కలదు, అదీ ముందస్తు అనుమతితో.

సముద్రంలో ప్రశ్న ఇంకొక రూపం ధరిస్తుంది. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తీరం దాటిన తుఫానులో, వేటకు పోయిన మత్స్యకారులు వందలాదిగా తిరిగిరాలేదు. గట్టు మీద రేడియోలో హెచ్చరిక చెప్పడం ఒక పని. నడిసముద్రంలో ఉన్న మరపడవకు దానిని వినిపించడం మరొక పని. పైన చెప్పిన లెక్క ప్రకారమే తీరపు టవరు అందుబాటు ముప్పై కిలోమీటర్ల లోపు. రెండవ తరం, అంటే 2జి ఫోనులకు మరొక హద్దు కూడ ఉన్నది. సంకేతం పోయి రావడానికి పట్టే కాలాన్ని టవరు 63 మెట్లుగా మాత్రమే సర్దగలదు, ఒక్కొక్క మెట్టు సుమారు 550 మీటర్లు. 35 కిలోమీటర్లు దాటితే సంకేతం ఎంత బలంగా ఉన్నా మాట కలవదు.

ఈ కొరత తీర్చడానికి అహమ్మదాబాదులోని ఇస్రో అంతరిక్ష ఉపయోగాల కేంద్రం పడవల కోసం ఆపద ప్రసార సాధనాన్ని తయారుచేసింది. దీనిని డాట్ అంటారు. 2010 నుండి ఇది పనిచేస్తున్నది. 20,000కు పైగా వాడుకలోకి వచ్చాయి. బొత్తాం నొక్కితే పడవ గుర్తు, అది ఉన్న చోటు ఉపగ్రహం ద్వారా బెంగుళూరు కేంద్రానికి చేరి, అక్కడి నుండి తీర రక్షక దళానికి తెలుస్తుంది. తొలి డాట్ లో ఒక లోపం ఉండేది. అది పలికేదే గాని వినేది కాదు. బొత్తాం నొక్కినవానికి తన కేక ఎవరికైనా అందిందో లేదో తెలియదు. చీకటిలో, అలల మధ్య, నీరెక్కుతున్న పడవలో ఉన్న మనిషికి ఆ సందేహం చిన్నది కాదు. సహాయం వస్తున్నదని తెలిస్తే అతడు పడవను విడవక అక్కడే ఉంటాడు. తెలియకపోతే ఈదడానికి దూకవచ్చును. దూకినవాడు పడవ కన్న ఎన్నో రెట్లు చిన్న గురుతు. వెతికే విమానానికి అతడు దొరకడం చాల కష్టం.

2024 జనవరిలో ప్రారంభమైన రెండవ తరం డాట్ ఈ లోపాన్ని తీర్చింది. కేక ఒక ఉపగ్రహం ద్వారా పోతుంది. అందినట్లు జవాబు నావిక్ ఉపగ్రహాల ద్వారా తిరిగి వస్తుంది. బ్లూటూత్ ద్వారా సెల్‌ఫోనుకు జతపరిస్తే తుఫాను, సునామీ హెచ్చరికలు మత్స్యకారుని భాషలోనే తెర మీద కనబడతాయి. ఐరోపా వారు కూడ గెలీలియో ఉపగ్రహాల ద్వారా ఇటువంటి జవాబు సౌకర్యాన్ని 2020లో ప్రవేశపెట్టారు. ఇందుకు ఎదురుగా, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ 2019లో విడుదల చేసిన జెమిని సాధనం వినేదే గాని పలికేది కాదు. అది హెచ్చరికలకు మాత్రమే. రెండింటి పేర్లు వినగానే ఒకే పని చేస్తాయని తలచేవారున్నారు; తీరప్రాంతపు బడులలో ఈ భేదాన్ని ప్రత్యేకించి చెప్పడం అవసరం. రెండు వైపులా పనిచేసే సాధనాలను లక్ష పడవలకు అమర్చే జాతీయ పథకం 2024 ఆగస్టులో మహారాష్ట్రలోని పాల్‌ఘర్ వద్ద ప్రారంభమైంది. తీరం దాపున సెల్‌ఫోను పలికినంతసేపూ తీర రక్షక దళపు సంఖ్య 1554.

రేడియో సెట్ల గురించి కొంత. చేతిలో పట్టుకొని మాట్లాడే వాకీ-టాకీలు బజారులో విరివిగా అమ్ముతున్నారు. వీటిలో 446.0 నుండి 446.2 మెగాహెర్ట్‌జ్ వరకు, అల్ప బలంతో పనిచేసేవి మాత్రమే లైసెన్సు లేకుండా వాడదగినవి. రెండు పడవలలో పోయే ఒకే బృందం తమలో తాము మాట్లాడుకొనడానికి ఇవి చక్కగా ఉంటాయి. దూరాన ఎవరూ వీటికి చెవి ఒగ్గి ఉండరు కనుక ఆపద సాధనాలుగా వీటిని ఎంచరాదు.

అమెచ్యూర్ రేడియో, అంటే హామ్ రేడియో, దీనికి భిన్నం. అందులో వినేవారు ప్రపంచమంతటా ఉన్నారు. 7 మెగాహెర్ట్‌జ్ తరంగం పొడవు 43 మీటర్లు. అది పైకి పోయి అయానుమండలంలో పరావర్తనం చెంది, కొండకు ఆవల వందల కిలోమీటర్ల దూరాన దిగుతుంది. 2004 డిసెంబరు 26న సునామీ అండమాన్ దీవులను తాకి టెలిఫోన్లు తెగిపోయినప్పుడు, హైదరాబాదులోని జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థకు చెందిన భారతీ ప్రసాద్ బృందం అప్పటికే పోర్ట్ బ్లెయిర్ లో తమ ముచ్చటకొద్దీ సెట్లు పెట్టుకొని ఉన్నది. ఆ సెట్లే దీవుల క్షేమసమాచారాన్ని ప్రధాన భూభాగానికి చేర్చాయి. కేంద్ర ప్రభుత్వం జరిపే పరీక్షలో నెగ్గి 12 ఏళ్ళు నిండిన ఎవరైనా ఈ లైసెన్సు పొందవచ్చును. పరీక్షలోని రేడియో పాఠాలు ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రానికి కొద్దిగా పైవే. బడిలో ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు ముగ్గురు విద్యార్థులు ఈ పరీక్ష ఇస్తే ఊరికి ఒక చెవి ఏర్పడినట్లే.

ఏ సాధనమైనా ఇంటి వద్ద ఒకసారి పరీక్షించి చూడవలెను. కాని ఆపద బొత్తాన్ని నొక్కి కాదు. 406 మెగాహెర్ట్‌జ్ సాధనాలకు వేరే పరీక్ష బొత్తాం ఉంటుంది. పొరపాటున అసలు బొత్తాం నొక్కితే దాచకుండా వెంటనే కేంద్రానికి తెలియజేయవలెను. నిజానికి ఆ కేంద్రాలకు వచ్చే కేకలలో చాల భాగం ఇటువంటి పొరపాట్లే. వాటిలో ప్రతిదానినీ అసలైనదిగానే ఎంచి విచారిస్తారు. బ్యాటరీ మీద అచ్చువేసిన గడువు తేదీ చూడడం కూడ మరువరాదు.

ఇక బయలుదేరే ముందు ప్రధానోపాధ్యాయుని బల్ల మీద ఒక కాగితం ఉంచవలెను. పోయే దారి, పిల్లల పేర్లు, పడవ లేదా బండి వివరం, ఏ గంటకు ఎక్కడ ఉండవలసినదీ అందులో వ్రాయవలెను. ముఖ్యంగా చివరి పంక్తి: రాత్రి ఎన్ని గంటలలోగా కబురు రాకపోతే 112కు పిలవవలెనో, ఆ పిలుపు చేయవలసినవారు ఎవరో. సాధనాలన్నీ నీట మునిగిన తర్వాత కూడ ఆ కాగితం పనిచేస్తూనే ఉంటుంది, ఆ గంట వరకు దానిని చూస్తూ ఒకరు మేలుకొని కూర్చున్న పక్షంలో.